తొలి స్కూటర్ ఎంచుకోవడం ఎలా: ఎల్.ఎల్.ఆర్. నుంచి ఆర్సీ దాకా

కొత్తగా స్కూటర్ పట్టినవారు ఎక్కడ పడిపోతారో కాస్త గమనించండి. ఇంటి గేటు ముందు ర్యాంపు మీద, అపార్ట్‌మెంట్ సెల్లారులో స్తంభం పక్కన, రైతుబజారు ముందు బండి వెనక్కి తిప్పుతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర కాలు మోపిన చోట గుంత తగిలినప్పుడు. అన్నీ మనిషి నడిచే వేగం దాటని చోట్లే. అయినా షోరూములో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ, రెండోది రంగు, మూడోది ఫోను బ్లూటూత్‌తో కలుస్తుందా లేదా అని. నా లెక్క వేరు. ఆగి ఉన్నప్పుడు, మెల్లగా కదులుతున్నప్పుడు ఏ బండి మీ చేతికి లొంగుతుందో అదే మీ మొదటి బండి. నలభైలో సాఫీగా పోవడం ఇవాళ అమ్ముతున్న ఏ స్కూటరైనా చేస్తుంది.

లైసెన్సు సంగతి ముందు

బండి బుక్ చేసి తర్వాత లైసెన్సు చూసుకుందామనుకోవడం మనలో బాగా ఉన్న అలవాటు. వరస తిరగేయండి. 18 ఏళ్లు నిండగానే ఎల్.ఎల్.ఆర్.కు, అంటే నేర్చుకునేవారి లైసెన్సుకు, దరఖాస్తు చేయవచ్చు. దాని గడువు ఆరు నెలలు. తీసుకున్న 30 రోజుల తర్వాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. దరఖాస్తులో గేర్లు లేని ద్విచక్ర వాహనం, గేర్లున్న ద్విచక్ర వాహనం అని రెండు విడివిడిగా ఉంటాయి. గేర్లు లేనిదానికి మాత్రమే లైసెన్సు తీసుకుంటే అవసరానికి ఇంట్లో ఉన్న బైకు తీయడానికి చట్టం ఒప్పుకోదు. జీవితంలో స్కూటర్ చాలు అనుకునేవారికి అదే సులువు. బైకు కూడా నేర్చుకునే ఆలోచన ఉంటే మాత్రం మొదటే గేర్ల బండికి పెట్టుకోండి.

ఎల్.ఎల్.ఆర్. మీద నడిపేటప్పుడు ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పేవారిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. తమ్ముడిని ట్యూషన్‌లో దింపిరమ్మని ఇంట్లో ఎంత బతిమాలినా సరే.

ఇంటర్‌లో చేరిన పిల్లల కోసం బండి చూస్తున్న తల్లిదండ్రులకు ఒక మాట. 16 ఏళ్లకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికే. ఇప్పుడు షోరూముల్లో కనిపించే పెట్రోలు స్కూటర్లన్నీ ఆ హద్దు దాటినవే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లకు లైసెన్సు అక్కర్లేదు కానీ, వాటితో నగరపు ప్రధాన రహదారిలో బస్సుల మధ్య నడవడం వేరే ప్రమాదం.

మీ రోజును ఒక కాగితం మీద రాయండి

రోజూ ఎన్ని కిలోమీటర్లు? వెనక ఎవరు కూర్చుంటారు, ఎంత తరచుగా? దారిలో ఎక్కుడు ఉందా? రాత్రి బండి ఎక్కడ పెడతారు? నీళ్ల క్యాను, బియ్యం బస్తా మోయాలా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం మోడళ్లు వాటంతట అవే రాలిపోతాయి.

మైలేజీ మోజు ఎంత విలువైనదో కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. రోజుకు 15 కిలోమీటర్లంటే నెలకు 450. లీటరుకు 45 ఇచ్చే బండికి పది లీటర్లు, 50 ఇచ్చే బండికి తొమ్మిది లీటర్లు పడతాయి. లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు తేడా 110. ఆ డబ్బు కోసం కాలు నేలకు అందని బండి కొంటే, మొదటిసారి పక్కకు ఒరిగినప్పుడు విరిగే బ్రేకు లీవరు, అద్దం, గీత పడ్డ ప్యానెల్ కలిసి నెలల తరబడి కూడబెట్టిన మిగులును ఒక్క పూటలో మింగేస్తాయి.

సీటు ఎత్తు, బరువు: ఇక్కడ తొందర వద్దు

మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే షోరూముకు వెళ్లండి. ఎత్తు మడమల బూట్లతో కాదు, కొలత తప్పుతుంది. చీర కట్టుకుని నడపబోతుంటే చీరలోనే వెళ్లండి, మొహమాటపడకండి.

అంకెలు ఒక దారి చూపిస్తాయి. యాక్టివా, జూపిటర్, ప్లెజర్ ప్లస్ సీటు ఎత్తు సుమారు 765 మిల్లీమీటర్లు. స్కూటీ జెస్ట్ 760. యాక్సెస్ 125 కాస్త పైకి, 773. ఫాసినో 780. ఐదడుగుల చుట్టుపక్కల ఉన్నవారికి ఈ పది, పదిహేను మిల్లీమీటర్లే బొటనవేలి మీద నిలబడటానికీ పాదం ముందుభాగం ఆనించడానికీ మధ్య తేడా. అయితే అంకె ఒక్కటే నమ్మితే మోసపోతారు. సీటు ముక్కు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు జరిగి, ఎత్తు తక్కువైనా కాలు అందదు. ఎక్కి కూర్చోవడమే పరీక్ష. రెండు పాదాల ముందుభాగమూ ఒకేసారి గట్టిగా నేలకు ఆనాలి. ఒక కాలు ఆనితే చాలదా అని అమ్మకందారు అంటారు. కొన్నాళ్లు నడిపినవారికి చాలు. మీకు చాలదు.

బరువుల సంగతికొస్తే, ఫాసినో 125 తొంభై తొమ్మిది కిలోలు, జెస్ట్ 103, యాక్టివా 110 సుమారు 106. ఎన్‌టార్క్ 125 వీటికంటే పది కిలోలు పైన. పది కిలోలేగా అనిపిస్తుంది. బండి నిటారుగా ఉన్నంతసేపు ఆ తేడా తెలియదు. ఒక పక్కకు వాలడం మొదలయ్యాక ఆపవలసినప్పుడు తెలుస్తుంది.

షోరూములోనే, ఇంజిను ఆపి, ఇవి చేసి చూడండి. సీటు మీద కూర్చుని పాదాలతో తోసుకుంటూ బండిని రెండు మూడు గజాలు వెనక్కి తీసుకెళ్లండి. ఇరుకు పార్కింగ్‌లో మీరు రోజూ చేయబోయేది ఇదే. దిగి ఎడమ పక్కన నిలబడి, హ్యాండిల్ పట్టుకుని గుండ్రంగా ఒక చుట్టు నడిపించండి. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మోకాలికి తగులుతుందేమో చూడండి. పొడుగు కాళ్లవారు దీన్ని అసలు పట్టించుకోరు, యూటర్న్ మధ్యలో మోకాలు అడ్డం పడినప్పుడు తెలుస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు చాపితే బ్రేకు లీవరు సులువుగా అందాలి. చిన్న చేతులవారికి కొన్ని బండ్ల లీవర్లు దూరంగా ఉంటాయి.

తర్వాత సెంటర్ స్టాండ్. అమ్మాయిలను చాలామంది "అది మీవల్ల కాదులెండి, సైడ్ స్టాండ్ చాలు" అని భయపెడతారు. అది బలానికి సంబంధించిన పని కాదు. ఎడమ చేయి హ్యాండిల్ మీద, కుడి చేయి సీటు వెనక కడ్డీ మీద పెట్టండి. కుడి పాదంతో స్టాండును నెమ్మదిగా కిందికి నొక్కండి. బండిని కొద్దిగా అటూ ఇటూ కదిపితే స్టాండు రెండు కాళ్లూ నేలను తాకిన చప్పుడు, ఆ పట్టు పాదానికి తెలుస్తాయి. అప్పుడు ఒంటి బరువంతా ఆ పాదం మీద వేసి స్టాండు మీద నిలబడండి. బండి దానంతటదే వెనక్కి లేస్తుంది. కుడి చేయి దారి చూపిస్తుంది, అంతే. చేతులతో ఎత్తబోయేవారికే నడుం పట్టేస్తుంది. ఒకరిని పక్కన నిలబెట్టుకుని ఇలా ప్రయత్నించినా మీకు కుదరని బండి ఉంటే దాన్ని జాబితా నుంచి తీసేయండి.

కాళ్ల దగ్గర చోటు కూడా చూడాలి. 20 లీటర్ల నీళ్ల క్యాను, పాతిక కిలోల బియ్యం బస్తా, దాదాపు 30 కిలోలుండే నిండు గ్యాసు సిలిండరు: మన ఊళ్లలో స్కూటర్ కాళ్ల దగ్గరి పలక మోసేవి ఇవి. పలక సమతలంగా, వెడల్పుగా ఉన్న బండే ఇంటికి పనికొస్తుంది. ఏరాక్స్ 155 లాంటి వాటిలో మధ్యలో దిమ్మె అడ్డం వస్తుంది, పైగా అది 126 కిలోలు. ముచ్చటైన బండే, కానీ మొదటిది కాదు. అలాగని మొదటి రెండు నెలలు క్యాను పెట్టుకుని నడపకండి. కాలు టక్కున కింద పెట్టాల్సిన చోట అది అడ్డం పడుతుంది.

110 సీసీయా, 125 సీసీయా

110 సీసీ స్కూటర్ ఇంజిను సుమారు 8 హార్స్‌పవర్, 9 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇస్తుంది. 125లో టార్క్ 10 దాకా వెళ్తుంది. ఒక్కరే, చదును నేల మీద, విజయవాడలోనో రాజమహేంద్రవరంలోనో తిరిగేవారికి ఈ తేడా అక్కరకు రాదు. వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని జూబ్లీహిల్స్ ఎక్కుడో, సింహాచలం కొండ దారో రోజూ ఎక్కేవారికి 125 ఊరటనిస్తుంది. కొత్తవారికి 125 ప్రమాదకరమన్న మాట కూడా వింటుంటాం. అంత లేదు, ఇంజిను తేడా కంటే బరువు తేడానే మీకు ముఖ్యం. యాక్సెస్ లాంటి 125లు 110ల బరువుకు దగ్గరగానే ఉంటాయి.

ఇంజిను కంటే చక్రాల మీద ఎక్కువ దృష్టి పెట్టమంటాను. వానకు లేచిపోయిన మన రోడ్ల మీద చిన్న చక్రం గోతిలో లోతుగా దిగుతుంది, పెద్దది అంచుల మీదుగా దాటుతుంది. ముందు చక్రం 12 అంగుళాలు, ముందు టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు ఉన్నదాన్ని ఎంచుకోండి. జూపిటర్‌కు రెండు చక్రాలూ 12 అంగుళాలే. యాక్టివా, యాక్సెస్‌లకు ముందు 12, వెనక 10. జెస్ట్‌కు రెండూ 10. తేలికగా, పొట్టిగా ఉండటానికి జెస్ట్ చెల్లించే మూల్యం అది. మీ ఎత్తుకు జెస్ట్ ఒక్కటే కుదిరితే దాన్నే కొనండి, గోతులు చూసుకుని నడపండి. కాలు అందడం మొదటి షరతు, చక్రం రెండోది.

బ్రేకుల్లో సీబీఎస్ అనేది 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి. ఎడమ లీవరు నొక్కితే వెనక బ్రేకుతోపాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. కొత్తవారు కంగారులో ఒకటే లీవరు పట్టుకుంటారు కాబట్టి ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటు. ముందు డిస్క్ బ్రేకు తీసుకోవాలా? డబ్బు సరిపోతే తీసుకోండి. ట్రాఫిక్‌లో తక్కువ బలంతో బండి ఆగుతుంది. కాకపోతే మలుపులో, ఇసుక మీద, తడి రోడ్డు మీద దాన్ని గుంజి పట్టుకుంటే ముందు చక్రం జారుతుంది. రెండు వేళ్లతో, మెల్లగా పెంచుతూ నొక్కడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ రేకు బాడీ గట్టిదనం గురించి గొప్పలు వినేటప్పుడు గీత పడిన చోట తుప్పు మొదలవుతుందని గుర్తుంచుకోండి. లోపలి ఊళ్లవారికి ఈ బెంగ తక్కువ.

పెట్రోలా, కరెంటా

కొత్తవారికి ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. మేలు: ఎకో మోడ్‌లో వేగం అదుపులో ఉంటుంది. చాలా మోడళ్లలో నెమ్మదిగా వెనక్కి నడిపే ఏర్పాటు కూడా ఉంటుంది కాబట్టి పార్కింగ్ బాధ తగ్గుతుంది. కీడు: మోటారు టార్క్ మొదటి క్షణం నుంచే చక్రానికి అందుతుంది. చప్పుడు ఉండదు కాబట్టి బండి ఆన్‌లో ఉందో లేదో కొత్తవారికి వెంటనే తోచదు. ఆన్‌లో ఉన్న బండి మీదకు పిల్లవాడు ఎక్కి కుడిచేతి పిడి తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బరువు కూడా ఎక్కువే. ఏథర్ రిజ్తా 119 కిలోలు, చేతక్‌లో పెద్ద మోడళ్లు అంతకంటే పైన. బ్యాటరీ అడుగున ఉండటంతో నడిపేటప్పుడు ఆ బరువు తెలియదు. తోసేటప్పుడు తెలుస్తుంది.

రోజుకు 15 కిలోమీటర్లు తిరిగేవారికి నెలకు 15 నుంచి 20 యూనిట్ల కరెంటు పడుతుందనుకోండి. పెట్రోలుకు పదకొండు వందలయ్యే చోట ఇది వంద, నూటయాభై. అయితే తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లవారు ఒక లెక్క వేసుకోవాలి. ఇప్పటికే 185, 190 యూనిట్లు కాలుస్తుంటే బండి చార్జింగ్‌తో 200 దాటి మొత్తం బిల్లు కట్టాల్సి రావచ్చు. వేసవిలో కూలర్ నడిచే నెలల బిల్లులు తీసి చూడండి.

చార్జింగ్ ఎక్కడ అన్నది అసలు ప్రశ్న. సొంత ఇల్లయితే గోడకు ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బండి బుక్ చేయడానికి ముందే అసోసియేషన్‌తో మాట్లాడి సెల్లారులో మీ మీటరుకు కలిసే పాయింటు పెట్టించుకోండి. బుక్ చేశాక మాట్లాడితే బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవారు విడా లాంటి, బ్యాటరీ తీసి పైకి తీసుకెళ్లగలిగే మోడళ్లు చూడవచ్చు. కంపెనీ చెప్పే రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, పరీక్షశాల లెక్క. అందులో ముప్పావు వంతు మాత్రమే వస్తుందనుకుని మీ రోజుకు సరిపోతుందా చూడండి.

2022లో కొన్ని ఎలక్ట్రిక్ బండ్లు తగలబడ్డాక బ్యాటరీలకు ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేసి, ఆ ఏడాది డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు విడతలుగా అమల్లోకి తెచ్చారు. పాత ఎలక్ట్రిక్ బండి చవగ్గా వస్తోందంటే దాని తయారీ తేదీ ఆ గీతకు ఇటుందా, అటుందా చూడండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో తిరిగొచ్చిన బండిని వెంటనే చార్జింగ్‌కు పెట్టకుండా నీడలో కాసేపు చల్లారనివ్వాలి.

హైదరాబాద్, తెలంగాణ జిల్లాలవారికి ధరలో ఒక వెసులుబాటు ఉంది. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు.

ఇంత చెప్పాక నా మొగ్గు: ఇంటి దగ్గర చార్జింగ్ పాయింటు ఖాయంగా ఉండి, రోజుకు 20 కిలోమీటర్లు పైన తిరిగేవారికి ఎలక్ట్రిక్. మిగతావారికి ఇప్పటికి పెట్రోలు బండే తలనొప్పి లేనిది.

టెస్ట్ రైడ్: వేగంగా కాదు, మెల్లగా

అసలు నడపడం రాకుండా టెస్ట్ రైడ్‌కు వెళ్లి లాభం లేదు. ముందు ఇంట్లోవాళ్ల పాత బండి మీదో, శిక్షణ ఇచ్చేవారి బండి మీదో ఖాళీ మైదానంలో కొన్ని రోజులు సాధన చేయండి. నగరాల్లో ఆడవారికి ఆడవారే నేర్పే చోట్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి.

గేర్లు లేని పెట్రోలు స్కూటర్ ఎలా కదులుతుందో తెలిస్తే చాలా భయం పోతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే ముందు ఇంజిను తిరుగుడు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక సెంట్రిఫ్యూగల్ క్లచ్ విచ్చుకుని చక్రాన్ని పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఒక క్షణం ఏమీ జరగనట్టు ఉంటుంది. బండి కదల్లేదని కొత్తవారు ఆ క్షణంలో ఇంకాస్త తిప్పుతారు. అప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. తప్పు బండిదీ కాదు, మీదీ కాదు, ఆ క్షణం ఆగడం అలవాటు కాలేదంతే. మోడల్‌ను బట్టి ఈ పట్టు మెత్తగానో కుదుపుగానో ఉంటుంది. టెస్ట్ రైడ్‌లో పట్టుకోవాల్సింది ఇదే.

షోరూము కుర్రాడు తిన్నని రోడ్డు మీద ఒక కిలోమీటరు తిప్పి తెచ్చేస్తాడు. ఒప్పుకోకండి. మనిషి నడిచే వేగంలో యాభై అడుగులు కాళ్లు పైన పెట్టుకుని పోనివ్వండి. సందులో యూటర్న్ తీసుకోండి. 30లో వెళ్తూ వెనక ఎవరూ లేరని చూసి బ్రేకు వేయండి. ఎక్కుడు మీద ఆపి మళ్లీ కదిలించండి. స్పీడ్ బ్రేకర్ దాటించి నడుముకు ఎలా ఉందో చూడండి. మీ ఇంట్లోవాళ్లను ఒకసారి వెనక కూర్చోబెట్టుకోండి. ఎల్.ఎల్.ఆర్.తో ఉన్నవారు ఆ ఒక్కటి నేర్పేవారితో మాత్రమే చేయాలి. అమ్మో అత్తగారో చీరలో ఒక పక్కకు కూర్చునేవారైతే ఆ వాలు మీకు ముందే తెలియాలి. ఒక పక్క బరువు పడ్డప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఎడమకు లాగుతుంది.

ఒక జాగ్రత్త ఎప్పటికీ వదలకండి: ఇంజిను ఆన్‌లో ఉండగా బండి పక్కన నిలబడి తోయకండి. తోసేటప్పుడు కుడి చేయి తెలియకుండానే పిడి తిప్పుతుంది, బండి ముందుకు ఉరుకుతుంది. కంగారులో ఇంకా గట్టిగా పట్టుకుంటారు, పిడి ఇంకా తిరుగుతుంది. తాళం తిప్పి ఆపి, అప్పుడు తోయండి.

పాత బండి కొనాలనుకుంటే

మొదటి ఏడాది గీతలు పడటం ఎలాగూ తప్పదు కాబట్టి పాత బండి తెలివైన దారే. 2020 ఏప్రిల్ తర్వాత తయారైన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండి చూడండి. చలికాలం పొద్దున్నే మొరాయించే కార్బ్యురేటర్ గొడవ ఉండదు. పొద్దున్నే వెళ్లి, ఇంజిను చల్లగా ఉందో లేదో ముందే తెలుసుకోండి. అమ్మేవారు దాన్ని అప్పటికే వేడెక్కించి ఉంటే ఏదో దాస్తున్నారని అర్థం. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. మీటరు ఎనిమిది వేలు చూపిస్తూ టైర్లు, పిడి రబ్బర్లు, కాళ్ల పలక పూర్తిగా అరిగి ఉంటే మీటరును నమ్మకండి. చేతులు వదులుగా పెట్టినప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు లాగితే పడిన బండి.

బండి నంబరు మీద చలానాలు ఎన్ని ఉన్నాయో ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైట్‌లో, అప్పు ఉందో లేదో ఆర్సీ వివరాల్లో చూడండి. డబ్బు ఇచ్చే రోజే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని ఆర్టీఏలో పేరు మార్పించండి. బీమాను కూడా మీ పేరుకు మార్చుకోవాలి, అందుకు గడువు 14 రోజులే. తెలిసినవాళ్లే కదా, తర్వాత చూద్దాం అనుకునేవారికి ప్రమాదం జరిగినప్పుడు తెలిసినవాళ్లతోనే తగవు వస్తుంది.

ధర కాగితం చదవడం

ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు, బీమా. ఈ ఐదూ తప్పనిసరి. మిగతా ప్రతి వరుస మీదా వేలు పెట్టి ఇది ఎందుకని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి బంధువులు చెప్పే పాత ధరలతో పోల్చకండి.

హ్యాండ్లింగ్ ఛార్జీల పేరుతో రాసేది డీలరు సొంత వసూలు, తీసేయమనండి. కోటింగులు, మ్యాట్లు, సీటు కవర్లు కలిపిన కిట్టు 'కంపల్సరీ' అంటే, ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసివ్వమనండి. చాలాచోట్ల అక్కడితో మాట మారుతుంది. బండి కొన్నప్పుడు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138లోనే ఉంది, దాన్ని అడిగి తీసుకోండి. అది మీ తలకు బిగుతుగా కుదరకపోతే ఐఎస్ఐ గుర్తున్నది వేరేది కొనుక్కోండి. వెనక కూర్చునేవారికీ ఒకటి కావాలి.

కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా (మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ఒకేసారి ఐదేళ్లకు కట్టాలి. 75 నుంచి 150 సీసీ మధ్య బండ్లకు 2022 జూన్‌లో ఖరారైన రేటు 3,851 రూపాయలు, పన్ను అదనం. సొంత నష్టపు బీమా డీలరు దగ్గరే తీసుకోవాలని లేదు. బయట ధర కనుక్కుని వెళ్తే ఇక్కడా తగ్గిస్తారు. కొత్తవారు మొదటి ఏడాది జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని బీమా) తీసుకోవడం దండగ కాదు, ప్లాస్టిక్ ప్యానెళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

ఫైనాన్స్‌లో కొనేవారు వడ్డీ 'ఫ్లాట్' అన్న మాట వినగానే ఆగాలి. 80 వేల అప్పు, మూడేళ్లు, ఫ్లాట్ పది శాతం అంటే వడ్డీ 24 వేలు, నెలకు 2,889. తీరుస్తూ వచ్చిన అసలు మీద కూడా వడ్డీ వేస్తూనే ఉంటారు కాబట్టి బ్యాంకు లెక్కలో ఇది దాదాపు 18 శాతం. సొంత బ్యాంకులో తగ్గుతూ వచ్చే అసలు మీద 12 శాతానికి దొరికినా అదే చవక.

ఎప్పుడు కొనాలి? దసరాకు ఆయుధపూజనాడు బండి ఇంటికి రావాలన్న కోరిక అందరిదీ. అందుకే ఆ వారం షోరూములో మిమ్మల్ని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు, తనిఖీ కూడా హడావుడిగా సాగుతుంది. ఆషాఢంలో జనం ఉండరు. నింపాదిగా టెస్ట్ రైడ్ చేసి, బేరమాడి, బుక్ చేసి, శ్రావణంలో మంచిరోజు చూసి తెచ్చుకోండి. ముహూర్తమూ దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది.

బండి చేతికొచ్చే రోజు

పగటి వెలుగులో తీసుకోండి. నిమ్మకాయలు తొక్కించే ముందు చాసిస్ నంబరును ఇన్‌వాయిస్‌లో, బీమా కాగితంలో ఉన్నదానితో అంకె అంకె సరిచూడండి. తయారీ నెల, సంవత్సరం అడగండి. నిరుటి బండికి ఈ ఏటి ధర కట్టకండి. రెండు తాళాలు, పనిముట్ల సంచి, ప్యానెళ్ల మధ్య సందులు, అన్ని లైట్లు, హారన్ చూసుకోండి. టైర్లలో గాలి కొలిపించండి. యాక్టివాకైతే ముందు 22, వెనక 29 పీఎస్ఐ, ఇద్దరెక్కితే వెనక 36. రవాణాలో, షోరూములో ఈ అంకెలు అటూ ఇటూ అయి ఉంటాయి.

మొదటి వారం ఇంటి చుట్టూ, పొద్దున్నే ట్రాఫిక్ మొదలవకముందు తిరగండి. మొదటి సర్వీసింగ్ పుస్తకంలో రాసిన కిలోమీటర్లకో రోజులకో, ఏది ముందొస్తే దానికి చేయించకపోతే వారంటీకి ఇబ్బంది. నంబరు ప్లేటు వచ్చిందన్న సందేశం రాగానే వెళ్లి బిగించుకోండి, తాత్కాలిక నంబరు గడువు దాటితే జరిమానా.

అప్పు మీద కొన్నవారికి మరో పని మిగిలే ఉంటుంది. ఆఖరి ఈఎంఐ కట్టాక ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌వోసీ (బాకీ లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 తీసుకుని, ఆర్సీలో వాళ్ల పేరు కొట్టేయించండి. చాలామంది దీన్ని మరిచిపోయి, ఏళ్ల తర్వాత బండి అమ్మబోయే రోజున ఆ కాగితాల కోసం తిరుగుతుంటారు.